దోసె పిండిలో పిడికెడు రవ్వ: బయటి తిండిలో దాగిన గ్లూటెన్‌పై ఒక కేస్ స్టడీ

రోగి 32 ఏళ్ల మహిళ. ఇల్లు గుంటూరులో, ఉద్యోగం విజయవాడలో. సోమవారం నుంచి శుక్రవారం దాకా తెల్లారగానే ఇల్లు వదిలితే మళ్లీ చేరేది రాత్రి ఎనిమిదికే. పొద్దుటి టిఫినూ మధ్యాహ్నం భోజనమూ చాలావరకు బయటే. మా దగ్గరికి వచ్చేనాటికి సీలియాక్ వ్యాధి అని తేలి 18 నెలలైంది. గోధుమ, బార్లీ, రై అనే ధాన్యాల్లో ఉండే గ్లూటెన్ అనే మాంసకృత్తు తింటే, సొంత రోగనిరోధక శక్తే పేగును దెబ్బతీసే జబ్బు ఇది. గుర్తుపట్టే వివరాలు మార్చాం.

వ్యాధి బయటపడేనాటికి హిమోగ్లోబిన్ 8.6, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ చెప్పే అంకె) 6. ఏళ్ల తరబడి ఐరన్ మాత్రలు వాడినా రక్తం పట్టలేదు. టీటీజీ-ఐజీఏ (ఈ జబ్బులో రక్తంలో పెరిగే యాంటీబాడీ) మామూలు గరిష్ఠ హద్దుకు పది రెట్ల పైన ఉంది. మొత్తం ఐజీఏ మామూలే, కాబట్టి ఆ పరీక్షను నమ్మొచ్చు. చిన్నపేగు మొదటి భాగం నుంచి తీసిన ముక్క పరీక్షలో మార్ష్ 3బీ, అంటే పేగు గోడ బాగా దెబ్బతిన్న దశ. అప్పటి నుంచి గోధుమ, బార్లీ, రై మానేశారు. టీటీజీ 6 నెలలకు హద్దుకు 4.5 రెట్లకు, 12 నెలలకు 3 రెట్లకు దిగింది. 18 నెలలకు 2.8 రెట్ల దగ్గర నిలిచిపోయింది. ఈ పరీక్షలన్నీ ఒకే ల్యాబులో చేయించినవి. ల్యాబు మారితే కిట్టు మారుతుంది, కిట్టు మారితే అంకె మారుతుంది. రెండు ల్యాబుల రిపోర్టులు పక్కపక్కన పెట్టి పెరిగిందనీ తగ్గిందనీ లెక్కలేయకూడదు.

జీర్ణకోశ నిపుణులు పథ్యం చూసే మా దగ్గరికి పంపింది ఒకే ప్రశ్నతో: పథ్యం ఎక్కడైనా తప్పుతోందా, లేక జబ్బే మొండిదా? మొండి సీలియాక్ అనేది ఉంది కానీ అరుదు. గ్లూటెన్ మానేశామంటున్నా పేగు కోలుకోకపోతే, తెలియకుండా గ్లూటెన్ లోపలికి వెళ్లడమే అన్నిటికన్నా మామూలు కారణం. కాబట్టి వెతకడం అక్కడే మొదలుపెట్టాలి.

ఇంటి సంగతి అరగంటలో తేలిపోయింది. ఆమెకు విడిగా పెనం, విడిగా జల్లెడ ఉన్నాయి. బియ్యప్పిండి మరకు పంపరు, ఇంట్లోనే మిక్సీ పడతారు. గోధుమలు ఆడిన మరలోనే మన బియ్యమో జొన్నలో పోస్తే, ముందువాళ్ల పిండి మన డబ్బాలోకే వస్తుంది. ఆ విషయం వాళ్లకు తెలుసు. ఇంగువ కూడా బియ్యప్పిండితో చేసినదే వాడుతున్నారు. అత్తగారు ఆవకాయ జాడీకి కూడా విడిగా గరిటె పెట్టారు. ఇంత శ్రద్ధ ఉన్న ఇంట్లో తప్పు దొరకదు. దొరికితే బయటే దొరకాలి.

పద్నాలుగు రోజుల చీటీ

"బయట ఏం తింటారు?" అని అడిగితే అందరూ చెప్పేది ఐటమ్ పేరు. "ఇడ్లీ, దోసె, బిర్యానీ, భోజనం." పేరు వింటే అన్నీ బియ్యమే. అందుకే 14 రోజులు చీటీ రాయించాం. తిన్న ప్రతిదానికీ ఐటమ్, వేళ, నంజుకున్నవి, అదే పెనం మీదో అదే మూకుడులోనో ఇంకేం వండుతున్నారు, ఎవరు ఎలా వడ్డించారు అన్నీ రాయాలి. ఫోనుతో ప్లేటు ఫొటో కూడా. ఫొటో ఎందుకంటే, ఇడ్లీ అని రాసిన చోట ఫొటోలో సాంబారు గిన్నె, కారప్పొడి, పక్కవాళ్ల పూరీ కనిపిస్తాయి. రోగి దాచిపెట్టడం కాదు, అవి లెక్కలోకి వస్తాయని తోచదు.

ఆ చీటీలో తేలింది ఇది. నాలుగు దోసెలు, ఐదుసార్లు ఇడ్లీ, ఎనిమిదిసార్లు సాంబారు, రెండు ప్లేట్ల పులిహోర, రెండు బిర్యానీలు, ఆఫీసు పార్టీలో ఒకసారి పంచుకున్న చికెన్ 65, మిగతావి ఆంధ్రా భోజనాలు.

ఆమె భయమంతా ఇంగువ మీద. ఇంగువలో గోధుమ పిండి ఉంటుందని ఎక్కడో చదివి, ఏ హోటల్లో ఏ బ్రాండ్ వాడుతున్నారో అని సతమతమవుతున్నారు. ఆ భయంలో నిజముంది. మార్కెట్లో దొరికే కూటు ఇంగువలో అసలు ఇంగువ కొంచెమే. మిగతాది తుమ్మజిగురు, గోధుమ పిండి లేదా బియ్యప్పిండి. కానీ ఎంత గోధుమ ఎంత హాని చేస్తుందన్న లెక్క వేయకుండా భయపడితే, భయపడాల్సిన చోటు తప్పిపోతుంది. అందుకే కాగితం మీద లెక్క వేశాం.

మిల్లీగ్రాముల లెక్క

గుర్తుంచుకోవాల్సిన కొలత ఒకటే: 1 గ్రాము మైదాలో సుమారు 80 మి.గ్రా. గ్లూటెన్. మైదాలో మాంసకృత్తులు పదో వంతు అటూఇటూ, వాటిలో ఎక్కువ భాగం గ్లూటెనే. బొంబాయి రవ్వ కూడా ఇంచుమించు అంతే.

రోజుకు 10 మి.గ్రా. లోపు గ్లూటెన్ వెళితే చాలామంది సీలియాక్ రోగుల పేగుకు కనిపించే హాని ఉండదని సాధారణంగా ఒప్పుకుంటారు. 2007లో వచ్చిన ఇటలీ అధ్యయనంలో రోజుకు 50 మి.గ్రా. చొప్పున మూడు నెలలు ఇస్తే పేగు గోడ దెబ్బతింది. "గ్లూటెన్ ఫ్రీ" అని లేబుల్ వేయడానికి అంతర్జాతీయ ఆహార ప్రమాణమైన కోడెక్సూ, మన దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ నిబంధనా కిలోకు 20 మి.గ్రా. మించకూడదంటాయి. 10 మి.గ్రా. అంటే గ్రాములో ఎనిమిదో వంతు మైదా. వేలి కొనకు అంటుకున్నంత.

ఇప్పుడు సాంబారు. 20 లీటర్ల గుండిగకు 10 గ్రాముల కూటు ఇంగువ వేశారనుకుందాం, అందులో సగం గోధుమ పిండి అనుకుందాం. 5 గ్రాముల పిండి అంటే 400 మి.గ్రా. గ్లూటెన్. లీటరుకు 20 మి.గ్రా. 150 మి.లీ. గిన్నెడులో 3 మి.గ్రా. మన దగ్గర సాంబారు ఒక గిన్నెతో ఆగదు, బకెట్‌తో వస్తారు, రెండుసార్లు పోయించుకుంటాం, కాబట్టి 5 వేసుకుందాం. ఎనిమిదిసార్లకు 40.

పులిహోర: కిలో బియ్యానికి 2 గ్రాముల ఇంగువ, అంటే 80 మి.గ్రా. గ్లూటెన్. అన్నమయ్యాక రెండున్నర కిలోలు. 250 గ్రాముల ప్లేటులో 8. రెండు ప్లేట్లకు 16. ఇంగువ ఖాతా మొత్తం 14 రోజులకు 56 మి.గ్రా., రోజుకు 4.

దోసె ఖాతా తెరవాలంటే ఆ టిఫిన్ సెంటర్ మాస్టర్ గారిని అడగాలి. ఆమె అప్పటికే అడిగారు. "దోసెలో గోధుమ ఉందా అన్నా?" అంటే "లేదమ్మా, బియ్యం, మినప్పప్పే" అన్నారాయన. ఆయన అబద్ధం చెప్పలేదు. ఆయన లెక్కలో గోధుమ అంటే గోధుమ పిండి, చపాతీ పిండి. మేం చెప్పించిన ప్రశ్న వేరు: "దోసె ఇంత ఎర్రగా, కరకరలాడుతూ ఎలా వస్తోంది అన్నా, ఏం కలుపుతారు?" జవాబు వెంటనే వచ్చింది. "పది కిలోల పిండికి అరకిలో బొంబాయి రవ్వ వేస్తామమ్మా, అప్పుడే ఆ రంగొస్తుంది."

అంటే పిండిలో ఇరవయ్యో వంతు రవ్వ. ఒక దోసెకు 100 గ్రాముల పిండి పోస్తే 5 గ్రాముల రవ్వ, 400 మి.గ్రా. గ్లూటెన్. నలభై రోజులకు సరిపడా హద్దు ఒక్క దోసెలో. నాలుగు దోసెలకు 1,600. పద్నాలుగు రోజులకు పంచితే రోజుకు 114.

చికెన్ 65 సంగతి కూడా ఇంతే. కిలో ముక్కలకు 50 గ్రాముల మైదా కలిపితే 4 గ్రాముల గ్లూటెన్. అయిదు ప్లేట్లకు పంచితే ప్లేటుకు 800 మి.గ్రా. ఆమె తిన్నది సగం ప్లేటు. దాని పైన సోయా సాస్ కూడా ఉంది. సోయా సాస్‌ను చాలావరకు సోయా గింజలతో పాటు గోధుమ కూడా పులియబెట్టి చేస్తారు. పేరులో సోయా తప్ప ఇంకేమీ కనిపించదు.

ఇవి అంచనాలే, ల్యాబు కొలతలు కావు. కొలతలు రెండింతలు తేడా వచ్చినా ముగింపు మారదు. రోజుకు 4 ఎక్కడ, 114 ఎక్కడ. 18 నెలలుగా ఆమె ఇంగువ మీద యుద్ధం చేస్తూ దోసెతో రాజీ పడిపోయారు. టీటీజీ నిలిచిపోవడానికి ఇంతకన్నా వేరే కారణం వెతకనక్కర్లేదని డాక్టరు గారికి రాశాం. మళ్లీ ఎండోస్కోపీ అనే మాట ఆరు నెలలు వాయిదా పడింది.

పిండి, పొయ్యి, తాలింపు, వడ్డన

ఏ ఐటమైనా ఈ నాలుగు దశల్లో చూడటం ఆమెకు నేర్పించాం. నాలుగిట్లో మొదటి రెండే పెద్ద దెబ్బలు. తాలింపు చిన్నది, వడ్డన మనిషిని బట్టి.

పిండి దగ్గర మోసం చేసేది పేర్లు. మన దగ్గర "రవ్వ" అంటే రెండు వేర్వేరు పదార్థాలు. ఇడ్లీ రవ్వ ఉప్పుడు బియ్యంది, భయం లేదు. బొంబాయి రవ్వ, బన్సీ రవ్వ, గోధుమ నూక గోధుమవి. రవ్వ ఇడ్లీ, రవ్వ దోసె, ఉప్మా ఈ రెండో జాతి. రవ్వ దోసెలో మైదా కూడా పడుతుంది. ఎమ్మెల్యే పెసరట్టులో పెసరట్టు మంచిదే, మధ్యలో పెట్టిన ఉప్మానే గోధుమ. పునుగులు ఇడ్లీ పిండితో, దోసె పిండితో వేసినవైతే సరే. సాయంత్రానికి పిండి పల్చబడితే మైదానో రవ్వో కలిపి గట్టిపరుస్తారు. గారెల పిండి జారుగా అయినా అదే మందు. మైసూర్ బజ్జీ పూర్తిగా మైదాయే, అడగాల్సిన పని లేదు. సేమ్యా కూడా గోధుమే. సగ్గుబియ్యం పాయసం అని ఆర్డరిస్తే, అందులో సేమ్యా తేలుతూ రావడం ఇక్కడ మామూలే.

జొన్నరొట్టెను ఆమె భద్రం అనుకున్నారు. ఇంట్లో చేత్తో తట్టినదైతే భద్రమే. హోటల్లో విరగకుండా పెద్దగా రావాలని జొన్నపిండిలో గోధుమపిండి కలుపుతారు, లేదా పొడి గోధుమపిండి చల్లి కర్రతో ఒత్తుతారు. ఇప్పుడు ఎక్కడ చూసినా కనిపిస్తున్న మిల్లెట్ టిఫిన్లదీ ఇదే తంతు. కొర్రలు, సామలు, అరికెల్లో గ్లూటెన్ లేదు. కానీ కొర్రల ఉప్మాలో సగం బొంబాయి రవ్వ ఉండొచ్చు, మిల్లెట్ బిస్కెట్టులో చాలావరకు గోధుమపిండే ఉంటుంది. మాల్ట్ అనే మాట కూడా అంతే. రాగి మాల్ట్ రాగులదే, కానీ పిల్లలకు పాలలో కలిపే మాల్ట్ పొడుల్లో బార్లీ మొలకల పొడి, గోధుమ ఉంటాయి. రుచి కోసం రాగి జావలో ఆ పొడి ఒక చెంచా వేసే షాపులున్నాయి. బీరు కూడా బార్లీదే, ఆమెకు సంబంధం లేని సంగతి కానీ మగ రోగులకు చెప్పకపోతే ఎవరూ అడగరు.

పొయ్యి దగ్గర రెండు వస్తువులు: పెనం, మూకుడు. దోసె పెనం మీద నీళ్లు చల్లి చీపురుతో ఊడుస్తారు, ఉల్లిపాయ ముక్కతో రుద్దుతారు. అంతకుముందు వేసిన రవ్వ దోసె అంచులు ఆ చీపురు పుల్లల్లోనే ఉంటాయి. గ్లూటెన్ క్రిమి కాదు, వేడికి చావదు. అది మాంసకృత్తు. కాలినా కరిగినా రోగికి అది గ్లూటెనే. మూకుడు మరీ ఘోరం. మిరపకాయ బజ్జీకి శనగపిండి, బియ్యప్పిండి, వాము, గుంటూరు మిర్చి చాలు, గోధుమతో పని లేదు. అయినా అదే నూనెలో ముందు వాయి మైసూర్ బజ్జీ దిగి ఉంటుంది. అడుగున నల్లగా పేరుకున్న గసిలో ఆ మైదా ముక్కలే. నిన్నటి నూనె మీద ఇవాళ కొత్త నూనె పోస్తారు కాబట్టి "మొదటి వాయి తినండి" అనే సలహా కూడా మేం ఇవ్వం. బండి మీది బజ్జీ వద్దు, బజ్జీ ఇంటి మూకుడుకే పరిమితం.

తందూరీ పొయ్యిలో నాన్ అంటిన గోడ పక్కనే కబాబ్ ఊచ దిగుతుంది. పిండి రాలుతూనే ఉంటుంది. పొయ్యి వేరుగా ఉంటే తప్ప తందూరీ ముక్క జోలికి వెళ్లొద్దన్నాం.

బిర్యానీ గురించి కాస్త వివరంగా చెప్పాలి. విజయవాడలో పని చేస్తూ బిర్యానీ మానేయమంటే రోగి మన మాటే మానేస్తారు. బియ్యం, పెరుగు, మసాలా, ముక్క, ఇవన్నీ మంచివే. తప్పు నాలుగుచోట్ల జరగొచ్చు. ఒకటి, దమ్ మూతకు అంటించే పిండి ముద్ద. మైదా లేదా గోధుమపిండి ముద్ద కాలి పెళుసెక్కి, మూత తీసినప్పుడు అంచుల వెంట అన్నంలోకి రాలుతుంది. కొందరు బరువు పెడతారు, తడి గుడ్డ చుడతారు, అప్పుడు సమస్య లేదు. రెండు, ఫ్రై పీస్ బిర్యానీ. ఆ ముక్కను కార్న్‌ఫ్లోర్‌లో ముంచారా, మైదాలోనా అన్నది ఆ వంటింటి అలవాటు. మూడు, కొనుక్కొచ్చిన వేయించిన ఉల్లిపాయలు. కరకరలాడాలని పిండి చల్లి వేయించినవి వస్తాయి. నాలుగు, గ్రేవీ. వేరుశనగ, నువ్వులు, జీడిపప్పుతో చిక్కబరిస్తే సరే, ఖర్చు తగ్గించాలంటే పిండి పడుతుంది. కాబట్టి ఆమె ఆర్డర్ "ప్లెయిన్ దమ్, మసాలా ముక్క, గిన్నె మధ్యలోంచి తీయండి, గ్రేవీ వద్దు, పెరుగు చట్నీ చాలు" అని స్థిరపడింది.

తాలింపులో ఇంగువ. లెక్క పైన చెప్పాం. రోజుకు ఒకసారి సాంబారు తాగితే ఒంటరిగా అది హద్దు దాటదు. సాంబారు, చారు, పులిహోర, మజ్జిగ తాలింపు, కారప్పొడి అన్నీ ఒకే పూట కలిస్తే దాటుతుంది. కాబట్టి బయట రోజుకు ఒక్క ఇంగువ వంటకమే అన్న నియమం పెట్టాం. సీలియాక్ సంఘాల సలహా ఇంతకన్నా కఠినంగా ఉంటుంది, గోధుమ ఇంగువ అసలే వద్దంటారు. ఆ మాట తప్పు కాదు. కానీ వారానికి పది పూటలు బయట తినే మనిషికి పాటించలేని నియమం ఇస్తే, అన్నిటినీ ఒకేసారి వదిలేస్తారు. టీటీజీ హద్దులోకి రాకపోతే ఇంగువ కూడా పూర్తిగా ఆపాలన్న షరతుతో ఈ మినహాయింపు ఇచ్చాం.

వడ్డనలో, భోజనం హోటళ్లలో ఆకు వేయగానే ముందు పడేది పూరీ లేదా చపాతీ. అవి పడ్డాక పక్కకు జరిపితే సరిపోదు. కూర్చోగానే, ఆకు మీద ఏదీ పడకముందే, "చపాతీ, పూరీ, అప్పడం వద్దు" అనాలి. అప్పడం ఎందుకంటే, అది మినప్పప్పుదే అయినా పూరీ నూనెలోనే వేగుతుంది. రంగురంగుల గొట్టాల్లో మైదా కలిసే రకాలూ ఉన్నాయి. అన్నం, ముద్దపప్పు, నెయ్యి, పిండి పట్టించని వేపుడు, గుత్తివంకాయ, గోంగూర, గడ్డపెరుగు. ఆంధ్రా భోజనంలో ఇంత మిగులుతుంది, ఏ ఊరి హోటల్ భోజనంతో పోల్చినా ఇది అదృష్టమే.

మాస్టర్‌తో మాట్లాడే తీరు

"గ్లూటెన్ ఫ్రీ ఉందా?" అని అడగొద్దన్నది మొదటి పాఠం. ఆ మాట సర్వర్‌కు తెలియదు, తెలియదని చెప్పడానికి మొహమాటం, "ఉందండి" అనేస్తాడు. అడగాల్సింది వండే మాస్టర్‌ని, అదీ రద్దీ లేనప్పుడు. టిఫిన్ సెంటర్లో పదకొండు తర్వాత, భోజనం హోటల్లో పన్నెండుకు ముందు. దోసె మాస్టర్ వేరు, చైనీస్ మాస్టర్ వేరు, బిర్యానీ మాస్టర్ వేరు. ఒకరి వంట ఇంకొకరు చెప్పలేరు.

రెండోది, ఉందా లేదా అని కాదు, ఏమేం వేస్తారు అని అడగాలి. "ఉందా?" అంటే మర్యాదకు "లేదమ్మా" వస్తుంది. "పిండి జారుగా అయితే ఏం కలుపుతారు?", "ముక్క మెత్తబడకుండా ఏం పట్టిస్తారు?", "గ్రేవీ చిక్కగా ఎలా వస్తుంది?" అన్నవి వంటవాడి పనితనాన్ని అడిగే ప్రశ్నలు. వాటికి ఎవరూ అబద్ధం చెప్పరు, పైగా సంతోషంగా చెబుతారు.

మూడోది, గోధుమ అన్న ఒక్క మాటతో ఆపకూడదు. "గోధుమ, మైదా, బొంబాయి రవ్వ, సేమ్యా, బ్రెడ్ పొడి, సోయా సాస్" అని ఆరూ చదవాలి. ఆమె దీన్ని ఒక చీటీ మీద రాసి ఫోన్ కవరు వెనక పెట్టుకున్నారు, మాస్టర్‌కే ఇచ్చి చదవమంటారు.

"నాకు పడదు" అంటే "కొంచెం అయితే ఏం కాదులే అమ్మా" అనే జవాబు వస్తుంది. "అలర్జీ" అంటే చెయ్యి ఆగుతుంది. శాస్త్రం ప్రకారం సీలియాక్ అలర్జీ కాదు, సొంత రోగనిరోధక శక్తి పేగు మీద చేసే దాడి. పొయ్యి ముందు నిలబడి ఆ పాఠం చెప్పనక్కర్లేదు. "చిటికెడు కూడా వద్దని డాక్టర్ గారు చెప్పారు అన్నా" అన్న మాట కలపాలి, లేకపోతే పైపైన ఏరేసి ఇస్తారు.

డెలివరీ యాప్‌లో రాసిన సూచన వంటగది దాకా చేరుతుందన్న నమ్మకం పెట్టుకోవద్దన్నాం. హోటల్‌కు ఫోన్ చేయాలి. పది, అంతకుమించి శాఖలున్న హోటళ్లు మెనూలో అలర్జీ కారకాలు చూపాలన్న ఎఫ్ఎస్ఎస్ఏఐ నిబంధన 2022 జులై నుంచి అమల్లో ఉంది. పెద్ద గొలుసు హోటల్‌కు వెళితే ఆ వివరం అడిగే హక్కుంది. గవర్నర్‌పేటలోనో అరండల్‌పేటలోనో ఒక్క గదిలో నడిచే టిఫిన్ సెంటర్‌కు ఆ నిబంధన తగలదు. అక్కడ మాస్టర్ మాటే మెనూ.

మార్చినవి

దోసె పూర్తిగా ఆగింది. బదులుగా ఇడ్లీ. ఇడ్లీ ఆవిరి మీద ఉడుకుతుంది, దాని పాత్ర వేరు, పిండి బియ్యం రవ్వ, మినప్పప్పు. ఆంధ్రా టిఫిన్లలో సీలియాక్ రోగికి ఇంతకన్నా మంచి ఐటమ్ లేదు. కారప్పొడి ఇంటి నుంచి చిన్న సీసాలో, నెయ్యి హోటల్‌ది. చట్నీ తాలింపు లేకుండా పక్కన పెట్టమని అడుగుతారు. కొన్నిచోట్ల ఇస్తారు, కొన్నిచోట్ల విసుక్కుంటారు.

మధ్యాహ్నానికి వారంలో రెండు రోజులు ఇంటి డబ్బా, రెండు రోజులు తెలిసిన ఒకే భోజనం హోటల్, ఒక రోజు బిర్యానీ. కొత్త హోటళ్లు ప్రయత్నించకుండా మూడింటికే కట్టుబడటం ముఖ్యం. మూడు వంటగదుల అలవాట్లు గుర్తుంటాయి, ముప్పై గుర్తుండవు. ఇండో-చైనీస్ మొత్తం వద్దు. గోబీ మంచూరియా నుంచి ఫ్రైడ్ రైస్ దాకా అన్నిటికీ ఒకే బాణలి, ఒకే గరిటె, ఒకే సాస్ సీసా.

మిఠాయిల్లో సున్నుండలు, పూతరేకులు, ఇంట్లో చేసిన అరిసెలు. కాజా, బాదుషా, బొబ్బట్లు మైదావి. గులాబ్ జామున్‌లో కోవాతో పాటు మైదా ఉంటుంది. మాడుగుల హల్వా చూడటానికి నెయ్యీ జీడిపప్పే కానీ దాని ఆధారం గోధుమ పాలు.

తప్పినవి

తిండి మార్చిన మూడో నెలలో వ్రతం. సత్యనారాయణస్వామి ప్రసాదాన్ని ఎవరూ తిండిగా లెక్కపెట్టరు, చీటీలో కూడా రాయలేదు. అన్నవరం ప్రసాదం గోధుమ నూకతో చేసేదే. ఇళ్లలో చేసేది బొంబాయి రవ్వ కేసరి. చెంచాడు రవ్వ ప్రసాదంలో వందల మి.గ్రా. గ్లూటెన్. ప్రసాదం కాదనలేని ఇబ్బంది మాకూ తెలుసు. కళ్లకద్దుకుని పక్కవారికి ఇవ్వడం, పండో కొబ్బరిముక్కో తీసుకోవడం అన్న మార్గం అత్తగారే చెప్పారు. క్రైస్తవ రోగులకు ఇదే సమస్య ప్రభు సంస్కారపు అప్పంతో వస్తుంది, అదీ గోధుమదే. ముందుగా ఫాదర్ గారితోనో పాస్టర్ గారితోనో మాట్లాడి పెట్టుకోవాలి.

ఎనిమిదో నెలలో మళ్లీ కడుపుబ్బరం, నీరసం. చీటీ మొత్తం శుభ్రంగా ఉంది. అవే మూడు హోటళ్లు, అవే ఐటమ్‌లు. తిరగేసి చూస్తే, బెండకాయ వేపుడు ఫొటోల్లో తేడా కనిపించింది. ముక్క ముందుకన్నా బిగువుగా, పొరపొరగా ఉంది. అడిగితే తెలిసింది: భోజనం హోటల్లో మాస్టర్ గారు మారారు, కొత్తాయన బెండకాయకు మైదా, కార్న్‌ఫ్లోర్ పట్టించి వేయిస్తున్నారు. ఆ రోజు నుంచి హోటల్లో అడుగుపెట్టగానే ఆమె అడిగే మొదటి ప్రశ్న "మాస్టర్ గారు మారారా?". మారితే ప్రశ్నలన్నీ మళ్లీ మొదటి నుంచి.

పెళ్లి భోజనాలకు ఉపాయం దొరకలేదనే చెప్పాలి. బఫేలో గరిటెలు ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి తిరుగుతాయి, క్యాటరింగ్ వాళ్లను అడిగే వీలుండదు. ఇంట్లో తిని వెళ్లి, అక్కడ తెల్లన్నం, కొత్త పాకెట్ విప్పించిన పెరుగుతో సరిపెట్టడమే ఇప్పటికి పద్ధతి. బంధువులు నొచ్చుకుంటారు. మాఘమాసంలో నాలుగు పెళ్లిళ్లకు నాలుగుసార్లు సంజాయిషీ ఇవ్వాల్సి వచ్చింది.

ఫలితం

మూడు నెలలకే పరీక్ష చేయించుకుంటామన్నారు, వద్దన్నాం. యాంటీబాడీలు మెల్లగా దిగుతాయి, మధ్యలో అంకె చూసి నిరాశపడటం తప్ప ఉపయోగం లేదు. ఆరో నెలలో టీటీజీ హద్దుకు 1.4 రెట్లు, ఫెరిటిన్ 29, హిమోగ్లోబిన్ 11.8. బెండకాయ వ్యవహారం దాటాక పన్నెండో నెలలో టీటీజీ హద్దు లోపలికి వచ్చింది. టీటీజీ మామూలైతే పేగు పూర్తిగా మానినట్టు కాదు. చిన్న మోతాదుల గ్లూటెన్‌ను ఆ పరీక్ష పట్టుకోలేకపోవచ్చు కూడా. మళ్లీ ముక్క పరీక్ష చేయాలా వద్దా అన్నది డాక్టరు గారి నిర్ణయానికే వదిలాం. ఎముకల సాంద్రత స్కాన్ మాత్రం అడిగాం, ఏళ్ల తరబడి కాల్షియం సరిగా పట్టని మనిషి కాబట్టి.

ఇంగువ మినహాయింపు ఇంకా నడుస్తోంది. రోజుకు ఒక్క సాంబారు, ఒక్క గిన్నె. టిఫిన్ సెంటర్ కారప్పొడి ఎక్కడి నుంచి వస్తుందో మాస్టర్ గారికే తెలియదు, బస్తాలో వస్తుంది, దాని మీద లేబుల్ లేదు. అందుకే సీసా ఇంకా ఆమె బ్యాగులోనే ఉంది.